చిన్న వ్యాపారి – పెద్ద పుస్తకము

చిన్న దుకాణము నడుపుకొను గృహస్థునకు వ్యాపార గ్రంథములతో పని యేమున్నది అను ప్రశ్న తరచుగా వినవచ్చుచుండును. తండ్రి చేసిన బేరము చూచి కొడుకు నేర్చుకొనుట, షావుకారు కొట్టులో గుమాస్తాగా నాలుగేండ్లు పనిచేసి పిదప స్వంత కొట్టు పెట్టుకొనుట తరతరములుగా సాగుచున్న పద్ధతి. ఈ పద్ధతిలో బలమున్నది. అయినను చుట్టునున్న లోకము వేగముగా మారునపుడు, తండ్రి యెరిగిన గిరాకి కొడుకు కాలమునకు నిలువదు. అట్టి సమయమున కొందరు వ్యాపారులు పుస్తకమును చేత బట్టుచున్నారు. వీరిలో రెండు తెగలు కానవచ్చును. ఒకరు నాలుగు పుటలు చదివి, “ఇది పెద్ద కంపెనీలకు వ్రాసినది, మనకు కాదు” అని మూసివేయుదురు. మరియొకరు చదివినదంతయు వేదవాక్యముగా నమ్మి, మరునాడే దుకాణమంతయు తలక్రిందులు చేయుదురు. ఈ రెండును నష్టమునకు దారులే.

ఇందులో రెండవది మరింత ప్రమాదకరము. పెద్ద సంస్థ ఒక ప్రయోగములో ఓడినచో, దాని లెక్కలలో ఒక పద్దు తగ్గును. చిన్న వ్యాపారి పెట్టుబడియో, భార్య నగలు కుదువబెట్టి తెచ్చినది; పిల్లల చదువునకు దాచినది; చిట్టీ పాడి యెత్తినది. అది పోయినచో ఇల్లు కదలును. కావున చదువవలయునా, వద్దా అనునది అసలు ప్రశ్న కాదు. పెద్దల కొరకు వ్రాసిన పుస్తకమునుండి చిన్నవాడు తన ఇంటికి హాని రాకుండ ఏ విధముగా నేర్చుకొనగలడు అనునదే విచారింపదగినది.

చోటును చదువుట

ఏ పుస్తకమునకైనను ముందు చదువవలసిన పుస్తకము తన వీధి. తార్నాకను ఉదాహరణముగా తీసుకొందము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక ప్రక్క, జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి పరిశోధనాలయములు మరియొక ప్రక్క ఉన్నవి. ఇటు మెట్టుగూడ, లాలాగూడలలో రైల్వే ఉద్యోగుల నివాసములు గలవు. లాలాపేట మీదుగా సాగినచో మల్కాజ్‌గిరి వచ్చును. అచట సొంత యిండ్లు, అపార్ట్‌మెంట్లు, వానినడుమ కిరాణా కొట్లు, కర్రీ పాయింట్లు, ఇస్త్రీ బండ్లు, దర్జీ దుకాణములు నిండియుండును.

ఈ కొద్ది మైళ్ల దూరములోనే కొనువారి స్వభావము మూడు విధములుగా మారును. హాస్టలు విద్యార్థి చేతిలో తక్కువ సొమ్ము, ఎక్కువ ఆకలి. సెలవులిచ్చినచో అతడు ఊరికి పోవును, దుకాణము వెలవెలబోవును. రైల్వే ఉద్యోగికి నెల మొదటి వారము చేతినిండుగా, చివరివారము అరువుగా గడచును. కుటుంబముతో కాపురమున్నవారు ఏడాది పొడవునా కొందురు గాని, ధరను, నాణ్యతను నాలుగు కొట్లలో పోల్చి చూతురు. 2017 నవంబరులో నాగోలు – అమీర్‌పేట మెట్రో రైలు తార్నాక మీదుగా నడువ నారంభించినపుడు, బస్సు కొరకు రోడ్డుప్రక్క నిలుచు ప్రయాణికులలో కొందరు మెట్లెక్కి పైనుండి పోసాగిరి. బస్‌స్టాపును నమ్ముకొన్న కొట్టునకును, మెట్రో మెట్ల దాపున నున్న కొట్టునకును ఇట్టి మార్పు ఒకే తీరుగా నుండదు. ఈ విషయములను ఏ విదేశీ గ్రంథమును చెప్పజాలదు. కాని వానిని గూర్చి ప్రశ్నించుట మాత్రము గ్రంథము నేర్పగలదు.

కాకినాడ వర్తకుల పాఠము

చిన్న వ్యాపారి చదువువలన మారగలడా అను శంకకు తెలుగునాటనే ఒక సమాధానమున్నది. 1960లో ఢిల్లీలో ఆరంభమైన ఒక కేంద్ర శిక్షణ సంస్థ 1962లో హైదరాబాదునకు తరలివచ్చి, చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థగా ప్రసిద్ధిపొందెను. నేడు అది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా యూసుఫ్‌గూడలో ఉన్నది. హార్వర్డు విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ తన సిద్ధాంతమును పరీక్షించుటకు 1964 ప్రాంతమున ఈ సంస్థతో కలసి పనిచేసెను. కాకినాడ పట్టణమునుండి చిన్న వ్యాపారులను, పరిశ్రమదారులను బృందములుగా హైదరాబాదునకు రప్పించి, సుమారు పది దినములు శిక్షణ నిచ్చిరి. తర్వాత వారి వ్యాపారములు ఎట్లు సాగినవో శిక్షణ పొందని వారితో పోల్చి చూచిరి. ఈ వివరములను మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ అను సహచరుడు కలసి 1969లో ఒక గ్రంథముగా ప్రకటించిరి.

ఆ శిక్షణలో సరుకు కొనుటను గూర్చిన రహస్యములు చెప్పలేదు. తాను ఏమి సాధింపదలచెనో నిర్ణయించుకొనుట, సాధ్యాసాధ్యములను తూచుకొనుట, ఫలితమును కొలుచుకొనుట – ఇవియే ముఖ్యాంశములు. అందులో ఒక ఆట గలదు. నేలపై నిలిపిన మేకునకు వలయమును విసరవలయును. ఎంత దూరమునుండి విసరవలయుననునది ఆడువాని యిష్టము. కొందరు మేకు ప్రక్కనే నిలిచి వేయుదురు. అందు గెలుపున్నను నేర్పు లేదు. కొందరు చాల దూరమునుండి విసరుదురు. తగిలినచో అదృష్టమే గాని సామర్థ్యము కాదు. ఫలితమును తన ప్రయత్నముచే సాధింపగోరువాడు నడిమి దూరమును ఎన్నుకొనును. తప్పినచో ఒక అడుగు సవరించుకొనును. చిన్న వ్యాపారికి కావలసిన సాహసము ఇంతయే.

ఫలితమేమనగా, శిక్షణ పొందినవారిలో ఇంచుమించు సగముమంది తరువాతి కాలమున క్రొత్త ప్రయత్నములు చేయుచు చురుకుగా కనబడిరి. శిక్షణ పొందనివారిలో అట్టివారు నాలుగవ వంతు మాత్రమే. మరియొక విశేషము గమనింపదగినది. తన వ్యాపారమును గూర్చి తానే నిర్ణయము చేయగలవారిలో మార్పు స్పష్టముగా కానవచ్చెను. ఒకరి చేతిక్రింద నున్నవానికి నేర్చినది ఆచరించు అవకాశము తక్కువ. చిన్న దుకాణదారునకు ధనము తక్కువైనను, నిర్ణయము తన చేతిలోనే యున్నది. ఉదయము తోచినది సాయంకాలమునకు చేసి చూడగలడు. ఇది పెద్ద సంస్థకు లేని సంపద.

మూడు పెద్ద మాటలు – మూడు చిన్న ప్రశ్నలు

వ్యాపార గ్రంథములలో పదేపదే వచ్చు భావములు కొన్ని గలవు. వానిని ఆజ్ఞలుగా గాక ప్రశ్నలుగా మార్చుకొన్నచో చిన్నవానికి ఉపయోగపడును.

మొదటిది పీటర్ డ్రక్కర్ భావము. 1954లో వెలువడిన తన నిర్వహణ గ్రంథములో అతడు వ్యాపార ప్రయోజనమును లాభములో గాక, కొనువానిని సంపాదించుటలో చూచెను. లాభము ఆ పని సరిగా జరిగినదను గుర్తు. దీనిని ప్రశ్నగా మార్చినచో: “ఈ వారము నా కొట్టునకు తిరిగి వచ్చినవారెందరు? రాక మానినవారెవరు?” కిరాణా వర్తకుడు గల్లాపెట్టెలోని సొమ్ము ప్రతిరాత్రి లెక్కించును, రాక మానిన ఇండ్లను లెక్కించువారు అరుదు. నెలకొకసారి అట్టి ఐదు ఇండ్ల పేర్లు వ్రాసుకొని, కారణము మర్యాదగా కనుగొన్నచో, అది వేయి పుటల చదువుతో సమానము.

రెండవది థియొడోర్ లెవిట్ 1960లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములోని భావము. అమెరికాలో రైలు కంపెనీలు తమ వృత్తి రైళ్లు నడుపుటయే యని తలచి, ప్రజలకు కావలసినది ప్రయాణమను సంగతి మరచెననియు, అందువలన కార్లకు, విమానములకు తమ ప్రయాణికులను కోల్పోయెననియు అతడు వాదించెను. లాలాగూడ కార్ఖానా నీడలో, మల్కాజ్‌గిరి స్టేషను ప్రక్కన నివసించువారికి ఈ ఉదాహరణము వింతగా తోచును. ఇచట రైళ్లు నేటికిని క్రిక్కిరిసియే పోవుచున్నవి. ఉదాహరణము దేశమునుబట్టి మారును, ప్రశ్న మాత్రము మారదు: “కొనువాడు నిజముగా దేనికై వచ్చుచున్నాడు?”

విశ్వవిద్యాలయ పరిసరములలోని టైపు దుకాణములు దీనికి మంచి సాక్ష్యము. ఒకప్పుడు పరిశోధక విద్యార్థులు సిద్ధాంత వ్యాసములను టైపు చేయించుకొనెడివారు. తమది టైపు మిషను వ్యాపారమని తలచినవారికి కంప్యూటరు రాగానే పని పోయినది. తమది విద్యార్థి కాగితములను వేళకు సిద్ధముచేయు వ్యాపారమని గ్రహించినవారికి మార్గము దొరికినది. వారు డి.టి.పి., జిరాక్సు, ప్రింటవుట్, బైండింగు, ఆన్‌లైను దరఖాస్తుల పూర్తి – ఇట్లు ఒకదానివెంట ఒకటి చేర్చుకొనవచ్చును. మిషను మారినను విద్యార్థి తొందర మారలేదు.

మూడవది జెరోమ్ మెకార్తీ 1960లో తన పాఠ్యగ్రంథములో కూర్చిన నాలుగంగముల సూత్రము: వస్తువు, ధర, అమ్ము చోటు, ప్రచారము. తరువాత ఫిలిప్ కోట్లర్ వంటివారి గ్రంథముల ద్వారా ఇది కళాశాలలన్నిట వ్యాపించినది. గిరాకి తగ్గగానే చిన్న వ్యాపారి సాధారణముగా రెండే ఆలోచించును – ధర తగ్గించుట, బోర్డు మార్చుట. నాలుగంగములను వరుసగా పరీక్షించినచో లోపము వేరొకచోట నుండవచ్చును. ఉదయము 7 గంటలకు కళాశాలకు పోవువారికి 8 గంటలకు తెరచు టిఫిను సెంటరు ఎంత చౌకయైనను నిష్ప్రయోజనము. అచట మార్చవలసినది ధర కాదు, వేళ.

ధర తగ్గింపు లెక్క

పుస్తక జ్ఞానమును ఆవర్జాతో కలిపి చూచుటకు ఒక చిన్న లెక్క చేయుదము. ఒక టిఫిను సెంటరునకు నెలకు కిరాయి 12,000, జీతములు 15,000, కరెంటు మొదలగునవి 3,000 – మొత్తము 30,000 రూపాయలు స్థిరఖర్చు అనుకొందము. ప్లేటు ధర 40 రూపాయలు. అందలి బియ్యము, పప్పు, నూనె, గ్యాసు ఖర్చు 25. ప్లేటునకు మిగులునది 15. స్థిరఖర్చు తీరుటకు నెలకు 2,000 ప్లేట్లు అమ్మవలయును. నెలకు 26 దినములు తెరచినచో రోజుకు 77 ప్లేట్లు. అటుపై అమ్మినదే ఇంటికి చేరు సొమ్ము.

ఎదురుగా క్రొత్త సెంటరు వెలసినదని యజమాని ధరను 35కు తగ్గించెననుకొందము. తగ్గినది 5 రూపాయలే. కాని మిగులు 15నుండి 10కి పడిపోయెను. ఇపుడు స్థిరఖర్చు తీరుటకే 3,000 ప్లేట్లు, అనగా రోజుకు 115కు పైగా అమ్మవలయును. ధరలో ఎనిమిదవ వంతు తగ్గించినందులకు అమ్మకము సగమునకు సగము పెరుగవలయును. వంటవానికి, కూర్చొను చోటునకు అంత శక్తి యున్నదా? లేనిచో ధర తగ్గించుట గిరాకిని పెంచి, ఇంటిని తగ్గించును. రాయితీలు ప్రకటించి విజయము పొందిన కంపెనీల కథలు చదువునపుడు ఈ లెక్క మరువరాదు. అరువునకును ఇదే సూత్రము. ఒక ప్లేటు బాకీ మునిగినచో, అందు పోసిన 25 రూపాయలను రాబట్టుటకు మరి రెండు ప్లేట్లు అమ్మవలసివచ్చును.

ప్రచారమును గూర్చియు అట్లే. 3,000 రూపాయలు ఖర్చుచేసి కరపత్రములు పంచగా 40 మంది క్రొత్తవారు వచ్చిరనుకొందము. ఒక్కసారి తిని పోయినచో వచ్చిన మిగులు 600 మాత్రమే. ఖర్చులో ఐదవ వంతు. అందు పదిమంది నెలకు ఇరువది పర్యాయములు రాసాగినచో 200 ప్లేట్లు, 3,000 రూపాయల మిగులు. ఒక నెలలో ఖర్చు తీరెను. కావున కరపత్రము గొప్పదా కాదా అని కాగితమును చూచి చెప్పరాదు. తిరిగి వచ్చిన ముఖములను లెక్కించి చెప్పవలయును. క్రొత్తవానిని “ఇచటి సంగతి ఎట్లు తెలిసినది?” అని యడిగి, చిట్టా అంచున ఒక గీత గీయుటకు ఖర్చేమియు లేదు.

విజయగాథల విషయమున జాగ్రత్త

గెలిచిన కంపెనీల చరిత్రలను పోల్చి సూత్రములు తీయు గ్రంథములు మిక్కిలి ఆకర్షణీయములు. 1982లో పీటర్స్, వాటర్‌మన్ అనువారు 43 అమెరికన్ సంస్థలను శ్రేష్ఠములుగా పేర్కొని వ్రాసిన గ్రంథము లక్షల ప్రతులు అమ్ముడయ్యెను. రెండేండ్లు తిరుగకుండనే, 1984లో, వానిలో ఇంచుమించు మూడవ వంతు చిక్కులలో పడినవని ఒక ప్రముఖ వ్యాపార పత్రిక వెల్లడించెను. 2001లో జిమ్ కాలిన్స్ మంచి స్థితినుండి గొప్ప స్థితికి చేరినవని 11 సంస్థలను ఎంచెను. అందలి సర్క్యూట్ సిటీ అను దుకాణముల సంస్థ 2008లో దివాలా తీసెను. ఫానీ మే అను గృహఋణ సంస్థను అదే సంవత్సరము ప్రభుత్వము తన ఆధీనములోనికి తీసుకొనవలసివచ్చెను.

ఇందువలన ఆ గ్రంథములు వ్యర్థములని చెప్పరాదు. గెలిచినవారిని మాత్రమే చూచినచో, అవే పనులు చేసి ఓడినవారు కంటబడరు. మల్కాజ్‌గిరిలో నూతన శాఖ తెరచి ధనికుడైన స్వీటుషాపు యజమాని కథ అందరును చెప్పుకొందురు. రెండవ శాఖ తెరచి మొదటిది కూడ పోగొట్టుకొన్నవాడు మౌనముగా ఊరు మారును. పుస్తకము చదువునపుడు “ఇదే చేసి నష్టపోయినవారు లేరా?” అని యడుగుట వివేకము. ఆ సమాధానము పుస్తకములో లేకున్నను, వీధిలో దొరకును.

చదువు విధానము

పుస్తకములకు ఎక్కువ వ్యయము చేయనక్కరలేదు. ఆదివారము ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకములు చౌకగా దొరకును. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. ఇంగ్లీషు రానివారికి, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల విద్యార్థుల కొరకు ప్రచురించిన వాణిజ్యశాస్త్ర పాఠ్యగ్రంథములు ఆధారము. ఇంటిలో కళాశాలకు పోవు కుమారుడో కుమార్తెయో ఉన్నచో, రాత్రి ఒక అధ్యాయము చదివించుకొని వినుట ఇద్దరికిని విద్య.

చదువు క్రమము ఇట్లుండుట మేలు. ఒక అధ్యాయము చదివిన పిదప అందలి ఒక భావమును తన దుకాణమునకు సంబంధించిన ఒక ప్రశ్నగా వ్రాసుకొనవలయును. ఆ ప్రశ్నకు చిట్టా, ఆవర్జాలలో సమాధానమున్నదా యని వెదుకవలయును. లేనిచో పదిహేను దినములు ఆ లెక్క వ్రాయవలయును. పిదప ఒక్క మార్పు మాత్రమే చేయవలయును. ధరను, వేళను, సరుకును ఒకేసారి మార్చినచో ఏది పనిచేసినదో తెలియదు. మార్పునకు ముందే “ఇంత సొమ్ము, ఇన్ని దినములు, అటుపై ఆపుదును” అని హద్దు వ్రాసుకొనవలయును. ఆ హద్దు ఇంటిల్లిపాదికి తెలిసియుండవలయును. ఫలితమును పోల్చునపుడు ఋతువును మరువరాదు. హాస్టళ్లు ఖాళీయైన వేసవి నెలను తరగతులు నిండుగా సాగు నెలతో పోల్చినచో ఏ మార్పైనను అద్భుతముగా కానవచ్చును. ఈ యేటి నెలను నిరుటి అదే నెలతో పోల్చుట న్యాయము.

ఎంతవరకు?

విదేశీ గ్రంథములలో అధికభాగము వృద్ధినే గమ్యముగా తలచును. ఎంతవరకు పెరుగవలయుననునది చదువరి తానుగా నిర్ణయింపవలసిన విషయము. పండ్రెండవ శతాబ్దిలో కళ్యాణమున బసవేశ్వరుడు బోధించిన కాయక ధర్మములో దీనికొక కొలత గలదు. రాలిన బియ్యము ఏరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ హెచ్చు బియ్యమును తిరిగి వేసి రమ్మనెనని శరణ చరిత్ర చెప్పును. వ్యాపారము పెరుగరాదని ఈ కథకు అర్థము కాదు. తెచ్చునది ఎందుకొరకో, ఎవరి కొరకో ముందే తెలిసియుండవలెనని అర్థము. ధరను ముందు పెంచి పిదప తగ్గించినట్లు చూపు రాయితీ, తూకములో కోత, నిల్వ సరుకునకు క్రొత్త ముద్ర – ఇట్టి ఉపాయములు గల్లాపెట్టెను నింపవచ్చును గాని కాయకము కానేరవు. అన్నిటికన్న ముందు, వీధిలో అందరును ఒకరినొకరు ఎరిగిన చోట అవి దాగవు.

పుస్తకము ప్రశ్న నిచ్చును. పద్దు సమాధాన మిచ్చును. సమాధానమును ఆచరించు ధైర్యము, ఆపు వివేకము వ్యాపారివి. ఈ మూడును కలిసిననాడు చిన్న కొట్టు కూడ ఒక పాఠశాలయే.

అభ్యాసము

1. గత మూడు నెలలలో మీ దుకాణమునకు రాక మానిన ఐదుగురి పేర్లు వ్రాసి, ఒక్కొక్కరి కారణమును కనుగొనుడు.

2. మీరు అమ్ము ముఖ్య వస్తువు ఒకదానిపై ఖర్చుపోగా మిగులునది ఎంత? నెల స్థిరఖర్చు తీరుటకు అట్టివి ఎన్ని అమ్మవలయును?

3. ధరను పదవ వంతు తగ్గించినచో ఆ సంఖ్య ఎంత యగును? అంత అమ్ముటకు మీకు శక్తి గలదా?

4. మీరు చదివిన లేక వినిన ఒక వ్యాపార సూత్రమును ప్రశ్నగా మార్చి, దానిని పరీక్షించుటకు సొమ్మునకును, దినములకును హద్దు నిర్ణయించుడు.